పొలం గట్టు ఇంజంక్షన్ తెలిసిన వకీలుకు కాపీరైటు కేసు కొత్తదా?

ప్రశ్న: నేను నరసరావుపేట కోర్టులో నాలుగేళ్లుగా ఒక సీనియర్ గారి దగ్గర జూనియర్‌గా పనిచేస్తున్నాను. బి.కాం. తర్వాత లా చదివాను. ఇప్పటిదాకా చేసినవన్నీ పొలం గట్ల ఇంజంక్షన్ (నిలుపుదల ఉత్తర్వు) దావాలు, ప్రామిసరీ నోట్లు, చెక్కు కేసులే. ట్రేడ్‌మార్కు, కాపీరైటు, మీడియా కేసుల్లో స్థిరపడాలని ఉంది. దీనికి వేరే లైసెన్సు గానీ పరీక్ష గానీ ఉండాలా? ఢిల్లీ వెళ్లక తప్పదా? ‘అది మన పని కాదమ్మా, పెద్ద పట్నాల వాళ్ల పని’ అంటున్నారు సీనియర్ గారు. మా బంధువుల్లో ఒకాయన తన కథను సినిమాగా తీసేశారని, గెలిస్తే వచ్చిన సొమ్ములో పావు వంతు ఇస్తానని అంటున్నారు. ఆ కేసు తీసుకోవచ్చా? ఈ విషయాల మీద వీడియోలు చేసి పెడుతున్నాను. బార్ కౌన్సిల్‌తో చిక్కు వస్తుందా?
— ఒక న్యాయవాది, నరసరావుపేట

జవాబు: లైసెన్సు సంగతి రెండు మాటల్లో తేలిపోతుంది, ముందు అది చూద్దాం. మీరు బార్ కౌన్సిల్‌లో నమోదై, ఆల్ ఇండియా బార్ పరీక్ష గట్టెక్కి ఉంటే చాలు. 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం 30వ సెక్షన్ దేశంలోని ఏ కోర్టులోనైనా వాదించే హక్కు మీకు ఇస్తోంది. ట్రేడ్‌మార్కుల చట్టం 145వ సెక్షన్ ప్రకారం ట్రేడ్‌మార్కులు నమోదు చేసే రిజిస్ట్రీ ముందు కూడా న్యాయవాది నేరుగా నిలబడవచ్చు. పేటెంట్ల దగ్గర మాత్రమే ఒక కంచె ఉంది. పేటెంట్ ఏజెంటుగా నమోదు కావాలంటే సైన్సు, ఇంజినీరింగు లేదా టెక్నాలజీ డిగ్రీ ఉండాలి, పైగా పరీక్ష రాయాలి. బి.కాం. వారికి ఆ దారి లేదు. కానీ పేటెంట్ కంట్రోలర్ ముందు జరిగే విచారణలో ఏజెంటు కాని న్యాయవాది పాల్గొనడాన్ని చట్టం అడ్డుకోదు. కోర్టులో పేటెంట్ దావా నడపడానికైతే ఆ పరీక్షతో పనే లేదు. డిప్లొమా చేస్తే మంచిదే, చేయకపోతే ఏ న్యాయమూర్తీ అడగరు.

ఇక సీనియర్ గారి మాట. వారి అనుభవం మీద గౌరవంతోనే ఒప్పుకోను. మీరు నాలుగేళ్లుగా చేస్తున్నది దాదాపు అదే పని. గట్టు తగాదాలో ఐ.ఏ. (మధ్యంతర దరఖాస్తు) వేసి ఏమి చూపిస్తారు? పైకి చూడగానే కేసు ఉన్నట్టు కనబడాలి, ఉత్తర్వు ఇవ్వకపోతే ఎవరికి ఎక్కువ ఇబ్బందో తేలాలి, తర్వాత డబ్బుతో పూడ్చలేని నష్టమై ఉండాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డరు కింద ట్రేడ్‌మార్కు కేసులో అడిగేదీ ఇవే మూడు. మీరు సర్వేయరును వెంటబెట్టుకుని వెళ్లే అడ్వొకేట్ కమిషనర్ కోసం అడుగుతారు. అక్కడ నకిలీ సరుకు ఉన్న గోదాముకు వెళ్లి లెక్క రాసి సీలు వేసే కమిషనర్ కోసం అడుగుతారు. ట్రేడ్‌మార్కు, కాపీరైటు, పేటెంటు లాంటి మేధో సంపత్తి దావాల్లో చాలావాటి జాతకం మధ్యంతర ఉత్తర్వుతోనే తేలిపోతుంది. ఆ తర్వాత ఇరుపక్షాలూ రాజీకి కూర్చుంటాయి. ట్రయల్ చివరిదాకా వెళ్లేవి తక్కువ. మొదటి వాయిదా నాటికి మొత్తం సిద్ధంగా ఉండాలన్న కంగారు మీకు అలవాటైనదే.

ఒక పోలిక చెబుతాను, పాఠ్య పుస్తకాల్లో దొరకదు. ట్రేడ్‌మార్కు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ పట్టాదారు పాసు పుస్తకం లాంటిది. అమ్మకాల బిల్లులు అడంగల్ లాంటివి. పొలంలో అనుభవం ఎవరిదో అడంగల్ చెప్పినట్టే, ఆ పేరుతో బజారులో ముందు ఎవరు సరుకు అమ్మారో బిల్లులు చెబుతాయి. నా మొదటి ట్రేడ్‌మార్కు కేసు కుంకుమ పొట్లాల మీద. నా క్లయింటుకు రిజిస్ట్రేషన్ ఉంది, అదే చాలని ధీమాగా వెళ్లాను. అవతలి వకీలు ఒక పాత బిల్లు పుస్తకం, లేబుళ్లు అచ్చు వేసిన ప్రెస్సు రసీదులు తెచ్చారు. న్యాయమూర్తి నా సర్టిఫికెట్‌ను ఒకసారి చూశారు, ఆ బిల్లు పుస్తకాన్ని మూడుసార్లు తిరగేశారు. ఇంజంక్షన్ రాలేదు. ట్రేడ్‌మార్కుల చట్టం 34వ సెక్షన్ ముందు నుంచి వాడుతున్నవారిని కాపాడుతుందని నాకు తెలియక కాదు, అవతల ఆ కాగితాలు ఉంటాయని ఊహించక పోయాను. తిరునెల్వేలి హల్వా పేరు మీద నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2015లో ఇదే మాట గట్టిగా చెప్పింది. ముందు వాడినవారి హక్కు రిజిస్ట్రేషన్ కంటే పైమెట్టు.

అయితే మీరు మార్చుకోవలసిన అలవాట్లు కూడా ఉన్నాయి. మొదటిది, కాగితాలను విడతలుగా తెచ్చే పద్ధతి. మన మామూలు దావాల్లో దస్తావేజులు ట్రయల్ దాకా ఒక్కొక్కటిగా వస్తూనే ఉంటాయి, కోర్టులూ సర్దుకుపోతాయి. మేధో సంపత్తి తగాదాలు 2015 నాటి వాణిజ్య న్యాయస్థానాల చట్టం కిందకు వస్తాయి. విలువ 3 లక్షల రూపాయలకు తగ్గకపోతే అక్కడికే వెళ్లాలి. మీకు దగ్గరలో విజయవాడలో అలాంటి ప్రత్యేక కోర్టు ఉంది. అక్కడ చేతిలో ఉన్న దస్తావేజులన్నీ దావాతోపాటే దాఖలు చేయాలి. సరైన కారణం చూపకుండా తర్వాత తెస్తే తీసుకోరు. ప్రతివాది జవాబుకు 120 రోజులు దాటితే తలుపు మూసినట్టే. ఇక అదే చట్టం 12ఎ సెక్షన్. అత్యవసర ఉత్తర్వు అడగని దావా అయితే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలి. వెళ్లకుండా వేసిన దావాను తిరస్కరించవలసిందేనని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. మరుసటి ఏడాది ఇంకో మాట చేర్చింది. మధ్యవర్తిత్వం తప్పించుకోవడానికి ‘అత్యవసరం’ అనే ముసుగు వేసుకుంటే కోర్టు చూస్తూ ఊరుకోనక్కరలేదని. ఈ ఒక్క విషయంలో పొరపాటు చేసి కేసు పోగొట్టుకున్న జూనియర్లను చూశాను.

రెండోది ఎలక్ట్రానిక్ సాక్ష్యం. ఈ రంగంలో సాక్ష్యంలో ఎక్కువ భాగం ఫోనుల్లో, వెబ్‌సైట్లలోనే ఉంటుంది. స్క్రీన్‌షాట్ అచ్చు తీసి పెడితే సరిపోదు. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద రెండు భాగాల ధ్రువపత్రం కావాలి, అందులో ఒకటి నిపుణుడిది. ఆ ఫారం ఇప్పటి నుంచే మీ చెక్కు కేసుల్లో వాట్సాప్ సందేశాలకు నింపడం మొదలుపెట్టండి. చేయి తిరుగుతుంది.

మీ బంధువు గారి కథ. ముందు ఫీజు విషయం. పావు వంతు మాట మరచిపోండి. ఫలితంలో వాటా తీసుకోవడాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలు నిషేధించాయి. తెలంగాణ నుంచే వెళ్లిన ఒక కేసులో 2017లో సుప్రీంకోర్టు, వచ్చిన పరిహారంలో శాతం లెక్కన ఫీజు అడగడం చెల్లదని తేల్చింది. ఎంత చిన్నదైనా ఒక స్థిరమైన మొత్తం కాగితం మీద రాసుకోండి. బంధువు అయితే మరీ ముఖ్యం.

కేసు సంగతికొస్తే, 1978లో ఒక నాటకానికీ హిందీ సినిమాకూ మధ్య వచ్చిన ఆర్.జి. ఆనంద్ తీర్పు చదవకుండా ఆయనకు ఒక్క మాటా చెప్పకండి. ఆలోచన మీద, ఇతివృత్తం మీద కాపీరైటు ఉండదు. దాన్ని చెప్పిన తీరు మీద ఉంటుంది. రెండూ చూసిన మామూలు మనిషికి ‘ఇది దాని నకలే’ అని తప్పకుండా అనిపించాలి. ‘ఊరు వదిలిన కొడుకు తిరిగొచ్చి ఊరిని బాగుచేస్తాడు’ అన్నది ఎవరి సొత్తూ కాదు. ఆ కొడుకు రైలు దిగిన చోట, అన్న మాట, పడిన గొడవ, ముగింపు అన్నీ అదే వరుసలో ఉంటే అప్పుడు మాట్లాడవచ్చు. ఆయన్ను కూర్చోబెట్టి కథలోని సన్నివేశాలు ఒక వరుసలో, సినిమావి ఇంకో వరుసలో రాయించండి. ఇలా రాయిస్తే నా దగ్గరకు వచ్చిన కొందరు సగంలోనే ‘వద్దులెండి’ అని లేచి వెళ్లారు. రెండో ప్రశ్న: ఆ కథ అవతలివారి చేతికి ఎలా చేరింది? అచ్చయిందా, మెయిలు పంపారా, ఎవరికైనా వినిపించారా? తేదీతో కాగితం ఉండాలి. కాపీరైటు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ ఉంటే మొదటి వాయిదాలో బలం.

ఆయన ఉండే ఊరి పరిధిలోని కోర్టులోనే దావా వేసే వీలు కాపీరైటు చట్టం 62వ సెక్షన్ ఇస్తోంది. పేద రచయిత ముంబయి దాకా పరుగెత్తనక్కరలేదు. గడువు మూడేళ్లు. సినిమా ఇంకా విడుదల కాకపోతే, తెలిసిన వెంటనే వెళ్లండి. ట్రైలరు నెలల కిందటే చూసి, విడుదలకు ముందు రోజు స్టే కోసం వెళ్తే కోర్టులు మొహమాటం లేకుండా కోప్పడుతున్నాయి, ఖర్చులు కూడా వేస్తున్నాయి. కాపీరైటు చట్టం 63వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు పెడదామని ఎవరైనా అంటారు. మూడేళ్ల దాకా శిక్ష పడే నేరం, వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చని సుప్రీంకోర్టు 2022లో అన్నది కూడా నిజమే. అయినా కథ పోలిక మీద తగాదాలో దాన్ని మొదటి అస్త్రంగా వాడటం నాకు నచ్చదు. రెండు కథల పోలిక పోలీసు స్టేషనులో తేలే విషయం కాదు.

ఢిల్లీ ప్రశ్న. వెళ్లి నేర్చుకోవడం వేరు, అక్కడే కాపురం పెట్టడం వేరు. 2021లో మేధో సంపత్తి అప్పీళ్ల బోర్డును రద్దు చేశాక ఆ పని హైకోర్టులకు వచ్చింది. అదే ఏడాది ఢిల్లీ హైకోర్టు ప్రత్యేక విభాగం పెట్టింది, 2023లో మద్రాసు హైకోర్టూ పెట్టింది. రెండు రాష్ట్రాల ట్రేడ్‌మార్కు దరఖాస్తులు చెన్నై రిజిస్ట్రీ కిందకే వస్తాయి కాబట్టి మద్రాసు తీర్పుల మీద కన్నేసి ఉంచండి. రిజిస్ట్రీ విచారణలు వీడియోలోనే జరుగుతాయి, అవి మీ ఊరి నుంచే చేయవచ్చు. మన పెద్ద కంపెనీలు ఢిల్లీకి వెళ్లే అలవాటు పాతదే. ‘రెడ్డి’ అనే పేరు మీద డాక్టర్ రెడ్డీస్ వారు ఇంకో మందుల కంపెనీ మీద 2004లో ఇంజంక్షన్ తెచ్చుకున్నది ఢిల్లీ హైకోర్టులోనే. ఆ పేరు ఎందరికో ఉంటుందన్న వాదన అక్కడ నిలవలేదు. కానీ గాలి కాస్త మారుతోంది. 2025 సెప్టెంబరులో తమ పేరును, ముఖాన్ని, గొంతును వాడుకోకుండా చూడమని నాగార్జున ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. అదే నెలలో అలాంటి కోరికతోనే చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టుకు వెళ్లి ఉత్తర్వు తెచ్చుకున్నారు. సిటీ సివిల్ కోర్టు! అంతకుముందు 2020లో కాపీరైటు తగాదాలో ‘ఝుండ్’ అనే హిందీ సినిమాను ఆపింది కూడా తెలంగాణలోని ట్రయల్ కోర్టే. నిర్మాతలు సుప్రీంకోర్టు దాకా వెళ్లినా ఆ ఏడాది స్టే తొలగలేదు. సీనియర్ గారికి ఈ రెండూ చూపించండి.

మీ చుట్టూనే పని ఉంది, అది కనబడటం లేదంతే. గుంటూరు సన్నం మిరపకూ, మంగళగిరి చీరలకూ భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు దక్కే రక్షణ) ఉంది. ఆ పేరుతో ఎవరో మరమగ్గం చీరలు అమ్మితే దావా జిల్లా కోర్టు స్థాయిలోనే వేయవచ్చు. కారం పొట్లాలు, పచ్చళ్లు, కోచింగు సెంటర్ల పేర్లు ఉండనే ఉన్నాయి. విత్తనాల సంగతి మరీ పెద్దది. పత్తి విత్తనాల పేటెంటు మీద నూజివీడు సీడ్స్‌కూ మోన్‌శాంటోకూ జరిగిన యుద్ధంలో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి పేటెంటునే కొట్టేస్తే, 2019లో సుప్రీంకోర్టు ఆ తీర్పు పక్కనపెట్టి, ఇంత చిక్కైన విషయం సాక్ష్యం విని తేల్చమని ఆ హైకోర్టులోని ఏక న్యాయమూర్తి దగ్గరకే పంపింది. రైతు వైపు నుంచి చూస్తే 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ చట్టం చదవండి. బ్రాండు పేరు వేయకుండా రైతు తన విత్తనం దాచుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్మవచ్చు. ఇది పల్నాడులో మీకంటే ఎవరికి పనికొస్తుంది?

మీడియా కేసుల్లో ఒక తమాషా ఉంది. ట్రేడ్‌మార్కు కేసులో ఇంజంక్షన్ కోసం గొంతు చించుకున్న వకీలే, మర్నాడు పత్రిక తరఫున నిలబడి ఇంజంక్షన్ ఇవ్వకూడదని వాదించాలి. రెండు చోట్లా కొలత ఒకటి కాదు. ప్రచురణను విచారణకు ముందే ఆపడం అరుదైన సందర్భాల్లోనే జరగాలని, బ్లూమ్‌బెర్గ్ కథనాన్ని తొలగించమన్న ఉత్తర్వును రద్దు చేస్తూ సుప్రీంకోర్టు 2024 మార్చిలో చెప్పింది. బహిరంగ రికార్డుల్లో ఉన్నది రాయడానికి అనుమతి అక్కరలేదన్న 1994 నాటి ఆర్. రాజగోపాల్ తీర్పు కూడా దగ్గర ఉంచుకోండి. పరువు నష్టం దావా వాణిజ్య కోర్టుకు పోదు, మామూలు సివిల్ కోర్టులోనే వేయాలి. గడువు ఏడాదే. నోటీసులు ఇచ్చుకుంటూ కూర్చుని ఆ ఏడాది దాటబెట్టినవారు ఉన్నారు.

డబ్బు మాట దాచను. మొదటి రెండు మూడేళ్లు ఈ పని మాత్రమే పెట్టుకుంటే ఇల్లు గడవదు. చెక్కు కేసులు వదలకండి. సీనియర్ గారి దగ్గరే ఉంటూ, ట్రేడ్‌మార్కు దరఖాస్తులతో మొదలుపెట్టండి. వ్యక్తికి, చిన్న సంస్థకు ఆన్‌లైన్ ఫీజు ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. వాటిలో కొన్నింటికి ఎవరో ఒకరు అభ్యంతరం దాఖలు చేస్తారు. మీ మొదటి తగాదా అక్కడే పుడుతుంది.

చివరిగా వీడియోలు. చట్టం వివరించడం తప్పు కాదు. పని అడగడం, ప్రచారం చేసుకోవడం బార్ కౌన్సిల్ 36వ నిబంధన ప్రకారం తప్పు. గెలిచిన కేసులు చెప్పుకోవద్దు, క్లయింట్ల పేర్లు ఎత్తవద్దు. ‘మీకూ ఇలాంటి సమస్య ఉందా, సంప్రదించండి’ అని ముగించే అలవాటు మీకూ ఉండి ఉంటుంది. ఆ వాక్యం, దాని కింద ఉన్న ఫోను నంబరు ఈ రోజే తీసేయండి.