ప్రయాణం రోజు ‘వేస్ట్’ అనే భర్తతో ప్రాగ్ ఎలా వెళ్ళాలి?

ప్రశ్న: మాకు పెళ్ళై ఐదేళ్ళవుతోంది. ఇద్దరం బెర్లిన్‌లో ఐటీ ఉద్యోగాలు. మా ఆయన మంచివాడే, ఇంటి పని చేస్తాడు, మా అమ్మానాన్నల్ని బాగా చూసుకుంటాడు. టూర్ అనేసరికి మాత్రం ఎక్సెల్ షీట్ తీస్తాడు, తెల్లారకుండా లేపి పరిగెత్తిస్తాడు. బుకింగ్‌లన్నీ ఆయనే, నాకా యాప్‌లు చిరాకు. మా నాన్న రైల్వేలో చేసేవారు, చిన్నప్పుడు సెలవులంటేనే నాకు రైలు, కిటికీ పక్క సీటు. మా ఆయనది కొత్తగూడెం వైపు, చదువుకునే రోజుల్లో హైదరాబాద్‌కి జనరల్ బోగీలో నిలబడి వచ్చేవాడట. పోయినసారి రైల్లో నది చూడమంటే లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా “ఆ చూశాలే” అన్నాడు, బాత్రూంలోకెళ్ళి ఏడ్చాను. వచ్చే నెల పెళ్ళిరోజుకి ప్రాగ్ వెళ్తున్నాం. తాపీగా పొద్దెక్కాక బయల్దేరి, డ్రెస్డెన్‌లో దిగి కాసేపు తిరిగి, సాయంత్రానికి చేరదామన్నాను. “రోజంతా వేస్ట్, అంతగా రైల్లో కూర్చోవాలనుంటే రింగ్‌బాన్ ఎక్కి తిరుగు” అన్నాడు. అదీ ఫ్రెండ్స్ ముందు, అందరూ నవ్వారు. నేనేమైనా చిన్నపిల్లలా అడుగుతున్నానా?

జవాబు: లేదమ్మా, చిన్నపిల్ల కోరికేం కాదు. కాకపోతే మీరు రెండు గొడవల్ని ఒకే మూట కట్టి పంపారు, ముందు అవి విడదీద్దాం.

మొదటిది ఫ్రెండ్స్ ముందు అన్న మాట. రింగ్‌బాన్ అంటే తెలియనివాళ్ళకి, బెర్లిన్ చుట్టూ గుండ్రంగా తిరిగే లోకల్ రైలు, ఎక్కిన స్టేషన్‌కే గంటలో తెచ్చి దింపేస్తుంది. జోకు బాగానే పేలింది, ఒప్పుకుంటాను, కానీ అది మీ మీద పేలింది. ఇది ప్రాగ్‌కీ రైలుకీ సంబంధం లేని విషయం, దీన్ని టూర్ గొడవలో కలపకుండా ఇంట్లో ఒకరోజు ప్రశాంతంగా ఉన్నప్పుడు “నలుగురిలో నన్నలా అనకు, నాకు గుచ్చుకుంది” అని రెండు ముక్కల్లో చెప్పేయండి. ఏడుస్తూ వద్దు, పాత లిస్టు తీస్తూ అంతకన్నా వద్దు. మంచివాడని మీరే అంటున్నారు కాబట్టి వింటాడనే అనుకుంటున్నా. విని కూడా మళ్ళీ అలాగే అంటే అప్పుడు మనం మాట్లాడాల్సింది రైళ్ళ గురించి కాదు.

ఇక రెండోది. ఆయన్ని కాస్త ఆయన వైపు నుంచి చూడండి. జర్మనీలో చట్టప్రకారం వారానికి 5 రోజులు పనిచేసేవాళ్ళకి కనీసం 20 రోజులు సెలవు, కంపెనీలు ఇంకొంచెం ఎక్కువే ఇస్తాయి, కానీ మనవాళ్ళ సంగతి తెలిసిందేగా, ఇండియాకి ఒక్క ట్రిప్ వెళ్ళొస్తే పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, తిరుపతి, చుట్టాల ఇళ్ళు అన్నీ కలిపి సగానికి సగం అక్కడే అయిపోతాయి. మిగిలిన ఆ కాసిన్ని రోజుల్ని ఆయన పైసా పైసా లెక్కపెట్టినట్టు లెక్కపెడుతున్నాడు. దాని మీద జనరల్ బోగీ ఒకటి. మీకు రైలంటే నాన్నగారి పాస్, ఆయనకి రైలంటే కాళ్ళు నొప్పులు, బాత్రూం పక్కన నిలబడడం, ఎప్పుడు దిగుతామా అని చూడడం. ఒకే కిటికీలోంచి చూసినా ఇద్దరికీ ఒకటే కనపడాలంటే ఎలా? ఆ ప్రయాణాల గురించి “నిలబడి వచ్చేవాడట” అని ఒక్క ముక్కలో తేల్చేశారు, ఎప్పుడైనా కూర్చోబెట్టి పూర్తిగా అడిగారా?

ఇప్పుడు మీకు కొంచెం కోపం వచ్చే మాట. “బుకింగ్‌లన్నీ ఆయనే, నాకా యాప్‌లు చిరాకు” అన్నారు చూడండి, నాకు మీ ఉత్తరంలో అసలు చిక్కు అక్కడే కనపడింది. రైలు తప్పితే, హోటల్ బాగోకపోతే, టికెట్ డబ్బులు పోతే బాధ్యత ఆయనది, నిదానంగా ఆనందించడం మాత్రం మీది. పని మోసేవాడికి తాపీ ఎక్కణ్ణుంచి వస్తుందమ్మా? ఆ లాప్‌టాప్‌లో ఆయన సినిమా చూస్తున్నాడో, చేరాక రూమ్‌కి ఎలా వెళ్ళాలో వెతుకుతున్నాడో మీరైతే రాయలేదు.

కాబట్టి బతిమాలొద్దు, అలగొద్దు, ఆ ఒక్క రోజు పగ్గాలు మీరు తీసుకోండి. “ప్రాగ్‌లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి నీ ప్లాన్, నువ్వు ఎక్కడికంటే అక్కడికి వస్తాను. బెర్లిన్‌లో తలుపు తాళం వేసిన దగ్గర్నుంచి ప్రాగ్‌లో దిగేదాకా నాది. టికెట్లు నేనే కొంటా, తప్పు జరిగితే నాదే” అనండి. ఇలా అడిగితే కాదనే మొగుళ్ళు తక్కువ, ఎందుకంటే ఆయన నెత్తి మీంచి ఒక రోజు పని దిగుతోంది.

తీసుకున్నాక సరిగ్గా చేయండి మరి. చవగ్గా దొరికే సేవర్ టికెట్ ఫలానా రైలుకే కట్టేసి ఉంటుంది, మధ్యలో దిగిపోయి తర్వాత బండిలో వస్తానంటే కుదరదు, అందుకని బుక్ చేసేటప్పుడే డ్రెస్డెన్‌ని మధ్య స్టాప్‌గా పెట్టి ఎంతసేపు ఆగుతారో కూడా అక్కడే ఇవ్వండి, లేకపోతే రెండు టికెట్లు విడివిడిగా కొనండి. మీ దగ్గర డోయిచ్‌లాండ్ టికెట్, అంటే లోకల్ రైళ్ళకీ బస్సులకీ పనికొచ్చే నెలవారీ పాస్, ఉన్నా దేశాల మధ్య తిరిగే ఈ యూరోసిటీ రైళ్ళలో పనికిరాదు, అది నమ్ముకుని ఎక్కారంటే ఆయనకి జీవితాంతం సరిపడా జోకు మీరే ఇచ్చినట్టు. సీటు రిజర్వేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించండి, వీకెండ్‌లో రద్దీగా ఉంటే ఆయనకి మళ్ళీ జనరల్ బోగీనే గుర్తొస్తుంది. డ్రెస్డెన్ దాటాక నది ఎడమవైపు వస్తుంది, సీట్లు అటువైపు దొరుకుతాయేమో చూడండి.

బెర్లిన్ నుంచి డ్రెస్డెన్ సుమారు రెండు గంటలు, చదునైన పొలాలు, పెద్దగా చూసేదేం లేదు, ఆయన్ని లాప్‌టాప్ చూసుకోనివ్వండి. డ్రెస్డెన్‌లో సామాను స్టేషన్ లాకర్‌లో పడేసి ప్రాగర్ స్ట్రాసె అనే వీధి మీదుగా పాత ఊరిలోకి నడిచిపోవచ్చు, ఇరవై నిమిషాల దారి. మ్యూజియంలు పెట్టుకోవద్దు, ఆయన జబ్బు మీకు అంటుకున్నట్టవుతుంది. రాజులందరూ గుర్రాల మీద వరసగా వెళ్తున్నట్టు ఒక గోడ ఉంటుంది, 102 మీటర్ల పొడుగు, దాదాపు 23,000 మైసెన్ పింగాణీ పలకలతో చేసింది, 1945 బాంబుల్లో ఊరు నాశనమైనా అది చాలామటుకు నిలిచింది. పక్కనే ఫ్రావెన్‌కిర్షె, కూలిపోయిన ఆ చర్చిని తిరిగి కట్టి 2005లో తెరిచారు. కొత్త రాళ్ళ మధ్య పాత నల్లరాళ్ళు ఇప్పటికీ విడిగా కనపడుతుంటాయి. ఈ రెండూ చూసి, నది ఒడ్డున ఒక కాఫీ తాగి వెనక్కొచ్చేయండి.

అసలు ప్రయాణం అక్కణ్ణుంచి. పిర్నా దాటగానే లోయ దగ్గరపడుతుంది, ఎల్బె నది రైలు పక్కనే వస్తుంటుంది, రాటెన్ దగ్గర అవతలి ఒడ్డున బాస్టై రాళ్ళు వేళ్ళలా నిలబడి ఉంటాయి, ఆ తర్వాత కుడివైపు తలెత్తితే కొండమీద కోనిగ్‌స్టైన్ కోట. ఇక బాట్ షాండౌ, అదయ్యాక డ్యెచీన్‌తో చెక్ దేశం. ఇక్కడ ఒక్క పని మాత్రం చేయకండి, “చూడు చూడు” అనకండి. అన్నారంటే ఆయనకి అది ఇంకో డ్యూటీ, మీకు మార్కులు వేయాల్సిన పరీక్ష. డైనింగ్ కారు ఉన్న బండే చూసి ఎక్కి, ఈ భాగం మొదలవుతుండగా ఆయన్ని అక్కడికి తీసుకెళ్ళి కిటికీ వైపు కూర్చోబెట్టండి. పిల్స్‌నర్ బీరు తాగే అలవాటుంటే తాగుతాడు, మాంసం వద్దంటే చెక్‌వాళ్ళ వేయించిన చీజ్ ఏమైనా ఉందేమో అడగండి. పులిహోర తీసుకెళ్తే అది మీ సీట్లో తినండి, అక్కడ కాదు. ఆవకాయ డబ్బా అయితే అసలు మూత తీయకండి, ఏసీ పెట్టెలో పక్కవాళ్ళ మీద దయ ఉంచండి. ప్లేటు ముందుకొచ్చాక ఆ కొత్తగూడెం ప్రయాణాలు అడగండి, ఎవరితో వచ్చేవాడు, ఏం తినేవాడు, ఎక్కడ సీటు దొరికేది. ఆయన చెప్తున్నంతసేపు నది అదే పోతుంటుంది, మీరు చూసుకోండి.

రైలు లేటవచ్చు, జర్మనీలో అది కొత్తేం కాదు. “చెప్పానా” అనే మాట ఆరోజు ఇద్దరూ వాడకూడదని ఇంట్లోనే ఒప్పందం చేసుకోండి. ఒకే టికెట్ మీద చేరేసరికి గంట దాటి లేటైతే మామూలుగా టికెట్ డబ్బుల్లో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం వెనక్కి అడగొచ్చు, ఆ క్లెయిమ్ కూడా మీరే పెట్టండి. ప్రాగ్ అని వినపడగానే లేచి పరిగెత్తొద్దు, ముందు హోలెషోవిట్సె స్టేషన్ వస్తుంది, పాత ఊరికి దగ్గర్లో ఉండేది దాని తర్వాత వచ్చే మెయిన్ స్టేషన్.

దిగాక మాట నిలబెట్టుకోండి. ఆయన షీట్‌లో మొదటి లైను బహుశా పాత ఊరి గడియారమే అయ్యుంటుంది, 1410 నాటిది, మీరు సాయంత్రం వెళ్ళినా గంటకోసారి బొమ్మలు తిరుగుతూనే ఉంటాయి. కాళ్ళు పీకుతున్నా నడవండి, తెల్లారి నాలుగింటికి చార్లెస్ బ్రిడ్జ్ అంటే లేవండి. తిరుగు ప్రయాణానికి ఆయన మొదటి బండి బుక్ చేసినా నోరెత్తకండి. జర్మనీ వైపు వచ్చేటప్పుడు పోలీసులెక్కి చెక్ చేస్తుంటారు, పాస్‌పోర్టులు, రెసిడెన్స్ కార్డులు పెట్టె అడుగున కాకుండా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోండి.