యూరప్‌లో ఇప్పటి రచయితల మాట జనం పట్టించుకుంటారా?

పోలండ్‌లో పట్టించుకుంటారు, తిట్టడానికైనా సరే. మిగతా దేశాల సంగతి చెప్పలేను గానీ, ఉద్యోగం మీద మూడేళ్లు అక్కడి వ్రోత్స్‌వాఫ్ నగరంలో ఉన్నాను కాబట్టి అక్కడ చూసింది చెప్తాను.

2019 అక్టోబర్ 10, గురువారం. పోలిష్ రచయిత్రి ఓల్గా తొకార్చుక్‌కి సాహిత్య నోబెల్ వచ్చిందని (అంతకుముందు ఏడాది ఆగిపోయిన బహుమతి అది) ఆఫీసులో ఒకటే హడావిడి. ఆవిడ ఆ ఊరి మనిషే. ఆ వారాంతం ఆవిడ పుస్తకం చేతిలో ఉంటే చాలు, ట్రాముల్లో, బస్సుల్లో టికెట్ అక్కర్లేదని నగరం ప్రకటించింది. నా దగ్గర పుస్తకం ఎక్కడిది? పక్క సీటు అమ్మాయి శుక్రవారం రెండు తెచ్చి ఒకటి నా చేతిలో పెట్టింది.

అది 'ద బుక్స్ ఆఫ్ జేకబ్' పోలిష్ ప్రతి. ఇటుకంత ఉంది. తెరిస్తే మొదట్లోనే తొమ్మిది వందల పైచిలుకు పేజీ నంబరు. "బైండింగ్ తిరగబడింది, షాపులో ఇచ్చి మార్చుకో" అన్నాను. పడీ పడీ నవ్వింది. హీబ్రూ పుస్తకాల పద్ధతి గుర్తుకొచ్చేలా కావాలనే నంబర్లు వెనక నుంచి వేశారట.

ట్రాములో ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఆ పుస్తకం చూడగానే గొంతు పెంచాడు. ఈ అమ్మాయి ఒక్క ముక్క అడిగింది, ఆయన మొహం తిప్పుకున్నాడు. దిగాక చెప్పింది: "దేశం పరువు తీసినామె పుస్తకం మోస్తున్నారు అన్నాడు. చదివారా అని అడిగా. లేదన్నాడు."

ఆ కోపం 2015 నాటిది. ఈ నవల 18వ శతాబ్దంలో తానే మెస్సయ్యనన్న యాకూబ్ ఫ్రాంక్ అనే యూదుడి కథ. దానికి పెద్ద అవార్డు వచ్చినప్పుడు ఆవిడ టీవీలో, మనం ఎప్పుడూ బాధితులమే కాదు, ఇతరుల్ని అణచాం, యూదుల్ని చంపాం, ఆ చరిత్రనీ ఒప్పుకోవాలి అన్న అర్థంలో మాట్లాడింది. బెదిరింపులు ఎంత దూరం వెళ్లాయంటే ప్రచురణకర్తలు కొన్నాళ్లు బాడీగార్డులను పెట్టాల్సి వచ్చింది. నోబెల్‌కి కొద్దిరోజుల ముందే అప్పటి సాంస్కృతిక మంత్రి గ్లిన్‌స్కి ఆవిడ పుస్తకం ఒక్కటీ పూర్తి చేయలేకపోయానన్నాడు. బహుమతి వచ్చాక మళ్లీ మొదలుపెడతానన్నాడు పాపం.

ఆ ఆదివారమే అక్కడ ఎన్నికలు. ప్రజాస్వామ్యం కోసం ఓటెయ్యమని ఆవిడ చెప్పింది. ఆవిడంటే పడని పార్టీయే మళ్లీ గెలిచింది. కాబట్టి రచయిత చెప్తే సమాజం మారిపోతుందని మన సభల్లో అనే మాట నేను నమ్మను.

కానీ ఇంకోటి చూశాను. పుస్తకం ఇచ్చిన ఆ కొలీగ్ తాతగారిది ఇప్పుడు యుక్రెయిన్‌లో ఉన్న ల్వివ్ దగ్గర ఊరు. వ్రోత్స్‌వాఫ్ 1945 దాకా బ్రెస్లావ్ అనే జర్మన్ నగరం. యుద్ధం అయ్యాక జర్మన్లను పంపించేసి, ల్వివ్ లాంటి తూర్పు ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లకు ఆ ఇళ్లు ఇచ్చారు. ఫ్రాంక్ అనుచరులు 1759లో బాప్తిజం తీసుకున్నది ఆ ల్వివ్‌లోనే. నవల చదివాక ఆమె వాళ్ల నాన్నని అడిగిందట, మన ఊళ్లో యూదులు ఎంతమంది ఉండేవారు, వాళ్ల ఇళ్లు ఏమయ్యాయి అని. ఆయన టీవీ సౌండ్ పెంచాడు. రెండు నెలల తర్వాత క్రిస్మస్ భోజనాల దగ్గర, అడక్కుండానే, పక్కింటి దర్జీ పేరు చెప్పాడట.

నా దృష్టిలో రచయిత చేసింది అదీ. ఓట్ల లెక్కలో అది కనపడదు.

జెన్నిఫర్ క్రాఫ్ట్ ఇంగ్లిష్ అనువాదం 2021లో వచ్చింది. నేనిప్పుడు హైదరాబాద్ మెట్రోలో టికెట్ కొనుక్కుని మరీ చదువుతున్నాను. నంబర్లు తగ్గుతూ వస్తాయి కాబట్టి ఇంకా ఎంత మిగిలిందో ఎప్పటికప్పుడు తెలిసిపోతుంది. ప్రస్తుతం 412. మంత్రిగారు ఎక్కడున్నారో మరి.