బత్తాయి తోట వీడియోలు, నల్ల తెర మీద పనిముట్టు: ఫైనలియర్ ప్రాజెక్టుకు ఇది చాలుతుందా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా కనగల్ దగ్గర పల్లె. బత్తాయి తోట ఉంది. మా అమ్మాయి నల్లగొండలో కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. ఫైనలియర్ ప్రాజెక్టు కోసం, తోటలో ఫోనుతో తీసిన వీడియోల నుంచి ఫొటోలు విడదీసి క్లౌడ్‌లోకి (ఇంటర్నెట్ ద్వారా అద్దెకు దొరికే కంప్యూటర్లలోకి) పంపే పనిముట్టు తయారు చేస్తున్నానని చెబుతోంది. నేను చూస్తే నల్లని తెర మీద నాలుగు వరుసల అక్షరాలు తప్ప ఏమీ కనబడలేదు. తోటి పిల్లలు యాప్‌లు, వెబ్‌సైట్లు చేస్తున్నారు. హైదరాబాద్‌లో డబ్బు కడితే పెద్ద ఏఐ ప్రాజెక్టు తయారుగా ఇస్తారట. దేనితో ఉద్యోగం వస్తుంది? – ఒక తండ్రి

జవాబు: ఆ ప్రాజెక్టు కొనవద్దు. గడువు దగ్గరపడే కొద్దీ తల్లిదండ్రులు కంగారుపడి అటే వెళ్తున్నారు కాబట్టి ముందుగా ఈ మాట చెబుతున్నాను. డబ్బుకు దొరికే ప్రాజెక్టు మరెందరికో కూడా అమ్ముడుపోతుంది. ఇంటర్వ్యూ చేసేవారు ‘ఈ భాగం ఇలాగే ఎందుకు రాశావు?’ అని అడిగితే, తాను రాయనిదానికి పిల్ల ఏం చెబుతుంది? మీ అమ్మాయి పని చూడటానికి చిన్నదే. కానీ అందులో ప్రతి నిర్ణయమూ ఆమెదే.

ఫోను వీడియోలో సాధారణంగా సెకనుకు 30 బొమ్మలుంటాయి. తోటలో నడుస్తూ పది నిమిషాలు తీస్తే 18,000. పక్కపక్కనున్నవన్నీ దాదాపు ఒకటే. సెకనుకు ఒకటి చొప్పున ఏరితే 600 చేతికొస్తాయి. మంగు పట్టిన (తొక్క రంగు మారి పాడైన) కాయను గుర్తుపట్టడం కంప్యూటర్‌కు నేర్పాలంటే మొదట కావలసింది అలాంటి బొమ్మలే. ఏఐ అని అందరూ గొప్పగా చెప్పుకునే పనిలో పెద్ద భాగం ఇలా డేటాను ఏరి, పేర్లు పెట్టి, ఒక చోట చేర్చడమే.

తెర బోసిగా ఉందని మీరు బెంగపడకండి. క్లౌడ్‌లో నడిచే కంప్యూటర్ల ముందు మనిషి కూర్చుని బటన్లు నొక్కడు. ఒక్క ఆదేశం ఇచ్చి పడుకుంటే తెల్లారేసరికి వంద వీడియోల పని పూర్తి కావాలి. అందుకే ఇటువంటి పనులకు కమాండ్ లైన్ పనిముట్లే, అంటే ఆదేశాలు టైపు చేసి నడిపేవే, వాడతారు. ఆ తెరకు అలవాటు పడిన విద్యార్థి ఉద్యోగంలో చేరాక తొందరగా కుదురుకుంటుంది.

ఇక మీ అమ్మాయికి నేరుగా చెప్పవలసినవి. దయచేసి ఇక్కడి నుంచి ఆమెతో చదివించండి.

అమ్మా, ఇంటర్వ్యూలో మొదటి గట్టి ప్రశ్న ఇదే వస్తుంది: ‘వీడియో నుంచి బొమ్మలు తీయడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఉంది కదా, ఇందులో నువ్వు చేసిందేమిటి?’ ఫాబ్రిస్ బెల్లార్డ్ 2000లో మొదలుపెట్టిన ఆ ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ప్రపంచమంతా వాడుతోంది. నువ్వూ వాడు, వాడానని ధైర్యంగా చెప్పు. నీ పని దాని తర్వాత మొదలవుతుంది. 600 బొమ్మల్లో 400 వెళ్లాక మీ ఊళ్లో సిగ్నల్ పోయిందనుకో. మళ్లీ నడిపినప్పుడు నీ పనిముట్టు మొదటి నుంచి పంపుతుందా, 401వ బొమ్మ నుంచి పంపుతుందా? ఏవి చేరాయో ఎక్కడ రాసి పెట్టుకుంటుంది? సగం వెళ్లి ఆగిన బొమ్మను చేరినట్టు లెక్కిస్తుందా? విఫలమైతే వెంటనే మళ్లీ ప్రయత్నిస్తుందా, ప్రతిసారీ కాస్త ఎక్కువసేపు ఆగి ప్రయత్నిస్తుందా? వీటికి నీ దగ్గర జవాబులుంటే అక్కడ సంభాషణ నీ చేతిలోకి వస్తుంది. పల్లెలో నెట్ సరిగా రాకపోవడం నీ ప్రాజెక్టుకు మంచి పరీక్ష. నగరంలో వేగంగా నడిచే వైఫై మీద ఈ లోపాలు బయటపడనే పడవు.

బొమ్మకు పెట్టే పేరు విషయంలో మరీ పట్టుదలగా ఉండు. ఏ వీడియోలోది, ఏ సెకనులోది అన్నది పేరులోనే తెలియాలి. దీనికి బలమైన కారణం ఉంది. ఒకే వీడియోలోని బొమ్మల్లో కొన్నిటితో మోడల్‌కు, అంటే కాయలను గుర్తుపట్టే ప్రోగ్రాముకు, నేర్పి, మిగతావాటితో పరీక్షిస్తే ఫలితం అద్భుతంగా కనిపిస్తుంది. నిజానికి అది చూసిన చెట్టునే మళ్లీ చూస్తోంది. పక్క తోటకు తీసుకెళ్తే తేలిపోతుంది. వీడియోలవారీగా విడదీస్తేనే ఆ పరీక్షకు విలువ. ఈ సంగతి తెలిసిన మూడో సంవత్సరం విద్యార్థులు అరుదు.

క్లౌడ్ తాళాలను, అంటే యాక్సెస్ కీలను, ప్రోగ్రాములో రాసి, ప్రోగ్రాములను నలుగురికీ కనబడేలా ఉంచే గిట్‌హబ్ సైటులో పెట్టవద్దు. అలా బయటపడిన కీల కోసం వెతికే యంత్రాలు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. దొరికిన కీతో మీ ఖాతాలో ఎవరో పెద్ద కంప్యూటర్లు నడిపితే బిల్లు మీ నాన్న కార్డుకు వస్తుంది. తర్వాత తుడిచేసినా పాత ప్రతుల్లో ఉండిపోతుంది. కాబట్టి కీ బయటపడితే ముందు దాన్ని రద్దు చేయాలి. ఖాతా తెరిచిన రోజే బడ్జెట్ హెచ్చరిక పెట్టు. అది ఖర్చు పెరిగిందని కబురు చెబుతుంది, ఖర్చును ఆపదు. ఆపవలసింది నువ్వే. అమెజాన్ వారి క్లౌడ్ నిల్వ సేవ ఎస్3లో నిల్వకే కాకుండా పంపే ప్రతి ఫైలుకూ విడిగా కొద్దిపాటి రుసుము ఉంటుంది. సెకనుకు 30 బొమ్మలూ పంపడం దండగ అనడానికి అదీ ఒక కారణం. 2022 నవంబరు నుంచి అమెజాన్‌కు హైదరాబాద్ రీజియన్ (అక్కడి క్లౌడ్ కంప్యూటర్ల కేంద్రం) కూడా ఉంది. నీ బొమ్మలు దూరదేశం వెళ్లనక్కరలేదు. బకెట్‌ను, అంటే ఎస్3లో నీ బొమ్మలు దాచే చోటును, మాత్రం అందరికీ తెరిచి ఉంచవద్దు. ఆ వీడియోల్లో కోతకు వచ్చిన కూలీల ముఖాలు కూడా ఉంటాయి. వారిని అడిగి తీయి, లేదా ముఖాలు పడకుండా తీయి.

మళ్లీ మీతో. ఈ ఒక్క ప్రాజెక్టు చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. క్యాంపస్ పరీక్షలో డేటా స్ట్రక్చర్లు, ఎస్‌క్యూఎల్, లెక్కలు దాటాలి. అక్కడ ఆగిపోతే ప్రాజెక్టు గురించి అడిగేవారే ఉండరు. ఉదయం వాటికి, సాయంత్రం దీనికి అని ఆమె సమయం పంచుకోవాలి. దాటాక మాత్రం డేటా ఇంజినీరింగ్, క్లౌడ్ నిర్వహణ, కంప్యూటర్ విజన్ వంటి పనుల్లో చేరడానికి ఈ అనుభవం నేరుగా పనికొస్తుంది.

మీరు చేయగలిగిన సాయం రెండు విధాలు. తోటలో వీడియోలు వేర్వేరు వేళల్లో, వేర్వేరు దశల్లో తీసి ఇవ్వండి. ఎండపొద్దున ఒకటి, మబ్బుగా ఉన్నప్పుడు ఒకటి, పచ్చికాయలప్పుడు ఒకటి, కత్తెర కాపులో ఒకటి. మెల్లగా నడుస్తూ తీయండి, వేగంగా తిప్పితే బొమ్మలు మసకబారుతాయి. మంగు పట్టిన కాయ ఏదో, ఎండ దెబ్బ తిన్న కాయ ఏదో ఆమె పక్కన కూర్చుని మీరే చూపించండి. ఆ తేడా కాలేజీలో ఎవరూ ఆమెకు చెప్పలేరు.

రెండోది, ప్రాజెక్టు కొనడానికి దాచిన డబ్బులో కొంతతో ఆమె ల్యాప్‌టాప్‌కు ఒక ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్త రకం డిస్క్) కొనిపెట్టండి. వేల బొమ్మలు చదివి రాయడానికి పాత హార్డ్ డిస్క్ చాలా నెమ్మది. ఈ నెలాఖరులోగా పనిముట్టును ఒక స్నేహితురాలి కంప్యూటర్‌లో, తాను పక్కన లేకుండా, రాసిపెట్టిన సూచనలు మాత్రమే చూసి నడిపించమని చెప్పండి. అది ఎక్కడ ఆగిందో రాసి నాకు పంపితే, తర్వాత ఏం సరిచేయాలో ఆమెకే వివరంగా జవాబిస్తాను.