తెరచాప ఓడల యుద్ధాల టేబుల్‌టాప్ గేమ్ కొనాలనుకుంటున్నాను. రూల్స్ బాగున్నాయో లేదో కొనేముందే ఎలా తెలుస్తుంది?

రూల్‌బుక్ చేతికి రాగానే అందరూ ఫిరంగుల పట్టిక తీస్తారు. ఎన్ని పౌండ్ల గుండు, ఎంత దూరం, ఎన్ని పాచికలు. నేను ఆ పేజీలు ఆఖర్న చూస్తాను, ఒక్కోసారి అసలు చూడను. నా పరీక్ష ఒకటే: గెలుస్తున్నవాడికి ఈ రూల్స్ భయం పుట్టిస్తున్నాయా? లేదంటే అది ఓడ బొమ్మలతో ఆడే లూడో, అంతే.

ఎందుకంటున్నానో చెప్తాను. మన విశాఖపట్నం ఎదురుగా 1804 సెప్టెంబర్ 15న ఒక యుద్ధం జరిగింది. విశాఖవాళ్ళని అడిగినా చాలామంది "అవునా?" అంటారు. అప్పటికి అక్కడ పోర్టు లేదు, అది తెరుచుకున్నది 1933లో. ఓడలు ఒడ్డుకి దూరంగా లంగరు వేసుకుంటే సరుకు పడవల్లో మోసేవాళ్ళు. అలా ఆగి ఉన్న వర్తక ఓడలు రెండు, బార్నబీ, ప్రిన్సెస్ షార్లెట్. వాటికి కాపలాగా సెంచూరియన్ అనే 50 ఫిరంగుల బ్రిటిష్ యుద్ధనౌక. మీదకి వచ్చినవాడు ఫ్రెంచి అడ్మిరల్ లిన్వా. చేతిలో 74 ఫిరంగుల మారెంగో, ఇంకో రెండు ఫ్రిగేట్లు (అంతకంటే చిన్న, వేగమైన యుద్ధనౌకలు). సెంచూరియన్ కెప్టెన్ ఆ టైముకి ఒడ్డున ఉన్నాడు!

కాగితం మీద చూస్తే లిన్వాకి ఇది చిటికెలో పని. బార్నబీ ఒడ్డుకి కొట్టుకుపోయి పాడైంది, ప్రిన్సెస్ షార్లెట్ ఫ్రెంచివాళ్ళకి చిక్కింది. సెంచూరియన్ మాత్రం ఒళ్ళంతా దెబ్బలు తిని కూడా లొంగలేదు. లిన్వా దాన్ని అలాగే వదిలేసి వెళ్ళిపోయాడు.

దీన్ని మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద రెండు రకాల రూల్స్‌తో ఆడించాను. నేను అంపైర్ని. మా బావ లిన్వా, మా బాబాయి కొడుకు సెంచూరియన్.

మొదటిది ఖరీదైన డబ్బా. ఓడలు ముద్దొచ్చేలా ఉన్నాయి, దారాలతో సహా. (ఆ దారాలు ఇంట్లో పిల్లలుంటే వారం కూడా ఉండవు. కస్టమ్స్ డ్యూటీ సంగతి ఎత్తితే మళ్ళీ బీపీ పెరుగుతుంది.) బావ తిన్నగా వచ్చి సెంచూరియన్ పక్కన ఓడ ఆపి పాచికలు వేస్తూ కూర్చున్నాడు. వీడూ వేశాడు. దెబ్బ తగిలినప్పుడల్లా ఓడ కాగితం మీద గళ్ళు కొట్టేసుకుంటూ పోయారు. చివరికి సెంచూరియన్ "మునిగిపోయింది". బావ లేచి భోజనానికి వెళ్ళాడు. ఆట మొత్తంలో ఆయనకి రవ్వంత టెన్షన్ లేదు.

ఇక్కడే ఇంకో మాట. కొయ్య ఓడలు గుండ్లు తగిలి అంత తేలిగ్గా మునగవు. 1805లో స్పెయిన్ తీరాన ట్రఫాల్గర్ దగ్గర బ్రిటిష్‌వాళ్ళవి ఒకవైపు, ఫ్రెంచి, స్పానిష్‌వాళ్ళవి ఒకవైపు, మొత్తం 60 పెద్ద ఓడలు కొట్టుకుంటే, ఆచిల్ అనే ఫ్రెంచి ఓడ నిప్పంటుకుని పేలిపోయింది గానీ, గుండ్ల దెబ్బకి అక్కడికక్కడే మునిగినది లేదు. ఓడినవి లొంగిపోయాయి, లేదా పారిపోయాయి. పట్టుబడ్డ వాటిలో చాలావరకు తర్వాత వచ్చిన తుపానులో పోయాయి. కాబట్టి టర్నుకో ఓడ మునిగే గేమ్ అయితే డబ్బు దండగ.

రెండోది కొద్ది పేజీల పీడీఎఫ్. బొమ్మల్లేవు, అట్టముక్కలతో ఆడాం. అందులో మాస్టులకి, అంటే తెరచాపలు కట్టే స్తంభాలకి, వేరే గళ్ళున్నాయి, ఆట మొదట్లో ఇద్దరికీ చెరో రహస్య చీటీ ఇవ్వాలి. బావ చీటీలో పట్టుకున్న ఒక్కో వర్తక ఓడకి పాయింట్లు, మారెంగో మాస్టు పోతే దానికి రెట్టింపు కోత. కారణం ఉంది. లిన్వా స్థావరం ఇప్పటి మారిషస్. మాస్టు విరిగితే అంత దూరం ఈడ్చుకుంటూ పోవాలి, దారిలో బ్రిటిష్‌వాళ్ళు ఎదురైతే అయిపోయినట్టే.

ఈసారి షార్లెట్ దొరికాక బావ మెత్తబడ్డాడు. పాచికలు చేతిలో పట్టుకుని మాస్టు గళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు. సెంచూరియన్‌కి మిగిలింది ఇంకో రెండు దెబ్బలే.

"వెయ్యి బావా, భయమా?" అని వీడు రెచ్చగొడుతున్నాడు.

"నీకేంరా, నీ ఇల్లు ఇక్కడే. నేను ఊరెళ్ళాలి," అని ఓడ తిప్పేశాడు.

నాకైతే అక్కడే పైసా వసూల్. ఆ మనిషి చరిత్ర చదవలేదు, లిన్వా పేరు కూడా అదే వినడం. అయినా లిన్వా చేసిన పనే చేశాడు.

గాలి గురించి కూడా అడుగుతారేమో. ఒక్క పేజీ చాలు. గాలి సరిగ్గా వెనక నుంచి వీస్తే ఓడ అన్నిటికంటే వేగంగా పోతుందని రాసి ఉంటే ఆ పుస్తకం మూసేయండి. వెనక మాస్టు చాపలు ముందువాటికి గాలి అందకుండా చేస్తాయి. గాలి ఏటవాలుగా వెనక నుంచి వచ్చినప్పుడే అన్ని చాపలూ నిండుతాయి. ఇది తెలియనివాడు మిగతాది మాత్రం ఏం తెలిసి రాసుంటాడు? యూట్యూబ్ రివ్యూల్లో ఈ ముక్క వినపడదు. అరగంట వీడియోలో ఇరవై నిమిషాలు డబ్బా తెరవడమే.

ఇంకో బాధ. ఎవణ్ణి కదిపినా ట్రఫాల్గరే. అన్ని ఓడలు కొనేదెవరు, పెట్టేదెక్కడ? మన తూర్పు తీరంలోనే ఫ్రెంచి అడ్మిరల్ సుఫ్రెన్, బ్రిటిష్ అడ్మిరల్ హ్యూస్ 1782, 83లలో వరసపెట్టి కొట్టుకున్నారు. 1782 జులై 6న నాగపట్నం దగ్గర యుద్ధం మధ్యలో గాలి తిరిగి రెండు వరసలూ చెల్లాచెదురయ్యాయి. రూల్స్‌లో గాలి మారే పద్ధతి ఉంటే అది ఆడి చూడండి. రెండు వైపుల నుంచీ చెరో నాలుగు ఓడలు తీసుకున్నా సరిపోతుంది, మామూలు డైనింగ్ టేబుల్ మీద పడతాయి. ఫ్యాన్ మాత్రం ఆపేయండి, పొగ కోసం పెట్టిన దూది మొత్తం సోఫా కిందికి పోతుంది.