సమాధానం: తెర చూడకుండా స్పీకర్ల క్యాలిబ్రేషన్

గదికి తగ్గట్టు స్పీకర్ల ధ్వనిని సరిచేసే (క్యాలిబ్రేషన్) సాఫ్ట్‌వేర్, కొలిచే మైకు ఎక్కడికి జరపాలో బొమ్మలోనే చూపిస్తోంది, తెర మీది రాతను చదివి వినిపించే ఎన్‌వీడీఏ ఒక్క ముక్కా చదవడం లేదు అని రాశారు కదండీ. నాకూ చూపు లేదు, నేనూ సరిగ్గా అక్కడే ఆగిపోయాను. ఆ బొమ్మతో కుస్తీ వదిలేయండి, అది లేకుండానే పని అవుతుంది.

స్పీకర్ల మధ్య దూరం ఎంతో అంత పొడవున రెండు పురికొసలు కోయండి. ఒక్కోదాన్ని ఒక్కో స్పీకర్‌కి అంటించి బిగుతుగా లాగితే, రెండు చివర్లూ కలిసే చోటే మైకు. మీ తల ఉండాల్సిందీ అక్కడే. వేళ్లకు తెలిసే కొలత ఇది, నాకు దీని మీదే నమ్మకం.

గదిలో ధ్వని ఎలా వినిపిస్తోందో కొలవడానికి రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది. అది జావా ప్రోగ్రామ్ కాబట్టి ముందు జావా యాక్సెస్ బ్రిడ్జ్ ఆన్ చేయండి, అప్పుడే ఎన్‌వీడీఏ దాన్ని చదవగలదు. మైకుతో వచ్చిన, దాని సొంత తేడాల్ని సరిచేసే క్యాలిబ్రేషన్ ఫైల్ కూడా లోడ్ చేయాలి. గ్రాఫ్ జోలికి పోకండి. కొలతను టెక్స్ట్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేస్తే ఒక్కో వరుసలో ఫ్రీక్వెన్సీ, దాని డెసిబెల్స్ వస్తాయి, బాణం కీతో దిగుతూ వినండి. గది పొడవు 3.4 మీటర్లయితే 50 హెర్ట్జ్ దగ్గర అంకె ఉబ్బడం మామూలే, ఆ గోడల మధ్య ధ్వని అల నిలబడేది అక్కడే. ఉబ్బుల్ని మాత్రమే తగ్గించండి. గుంటల్ని, అంటే అంకె పడిపోయిన చోట్లను, పెంచి నింపబోతే స్పీకర్‌కి భారమే కానీ గుంట పూడదు.

ఆ సవరణల్ని రికార్డింగ్ ప్రోగ్రామ్ రీపర్‌లో మానిటరింగ్ ఎఫెక్ట్స్ (మీరు వినేదానికి మాత్రమే వర్తించేవి) కింద, దాని ఈక్వలైజర్ అయిన రియాఈక్యూలో పెట్టండి, రెండర్ చేసిన పాటలోకి వెళ్లవు. రీపర్‌ని స్క్రీన్ రీడర్‌తో వాడుకోనిచ్చే ఒసారా ఎక్స్‌టెన్షన్ ఉంటే అంకెలన్నీ కీబోర్డుతోనే మార్చొచ్చు. మళ్లీ కొలిచాక అంకె ఎంత దిగిందో ఇక్కడ రాయండి, చూద్దాం.