హైపర్‌పారామీటర్లను తక్కువ ఖర్చుతో వెతకడం ఎలా?

హైపర్‌పారామీటర్లు అంటే మోడల్ శిక్షణకు ముందే మనం పెట్టే విలువలు. లెర్నింగ్ రేటు (ఒక్కో అడుగులో మోడల్ ఎంత మారాలన్నది), డ్రాపౌట్ (శిక్షణలో యాదృచ్ఛికంగా ఆపేసే న్యూరాన్ల వాటా) వంటివాటికి అన్ని కలయికలూ ప్రయత్నించకుండా మంచి విలువలు కనుక్కోవడం ఎలా అన్నది ప్రశ్న.

ముందు గ్రిడ్‌ను, అంటే కొన్ని విలువలు పెట్టుకుని వాటి కలయికలన్నీ వరసగా చూడడాన్ని, వదిలేయండి. రెండింటికీ మూడేసి విలువలు పెట్టి 9 సార్లు శిక్షణ ఇచ్చినా, మీరు చూసింది మూడే లెర్నింగ్ రేట్లు. యాదృచ్ఛికంగా ఎంచుకుంటే అదే ఖర్చుతో 9 రేట్లు చూస్తారు. ఫలితాన్ని తేల్చేవి సాధారణంగా ఒకటి రెండు హైపర్‌పారామీటర్లే కనుక ఇది చిన్న తేడా కాదు. పరిశోధకులు బెర్గ్‌స్ట్రా, బెంజియో 2012లోనే దీన్ని చూపించారు.

అసలు ఆదా మాత్రం, తేలిపోయినవాటిని మధ్యలోనే ఆపేయడంలో ఉంది. 81 కలయికలను ఒక్కో ఎపాక్ (శిక్షణ డేటా మొత్తాన్ని ఒకసారి చూడడం) నడపండి. మెరుగైన 27 ఉంచి వాటికి 3 ఎపాక్‌లు, తర్వాత 9కి 9, మూడింటికి 27, చివరి ఒక్కదానికి 81. ప్రతి దశనూ మొదటినుంచి నడిపినా మొత్తం 405 ఎపాక్‌లే; అన్నింటినీ చివరిదాకా నడిపితే 6561! చిక్కల్లా నిదానంగా మొదలై తర్వాత పుంజుకునే కలయికలతోనే. తక్కువ లెర్నింగ్ రేటు ఉన్నవి ఇలా అన్యాయంగా బలైపోతాయి. అందుకే హైపర్‌బ్యాండ్ అనే పద్ధతి వడపోత తీవ్రతను మార్చి మార్చి నడుపుతుంది. ఆప్టునా అనే పైథాన్ లైబ్రరీలో ఇది సిద్ధంగా దొరుకుతుంది, మీరు రాయనక్కర్లేదు.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. లెర్నింగ్ రేటును 0.00001 నుంచి 0.1 వరకు మామూలు స్కేలుపై ఎంచుకుంటే, దాదాపు 90 శాతం ప్రయత్నాలు 0.01 పైనే పడతాయి. లాగ్ స్కేలు వాడండి; అందులో 0.0001–0.001 మధ్యకూ, 0.01–0.1 మధ్యకూ సమాన అవకాశం ఉంటుంది.