తక్‌పట్టీల మధ్య మౌస్‌కు చోటేది?

ప్రశ్న: అన్నా, నేను ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణంలో లెక్కలు చూస్తాను. టేబుల్ చిన్నది. దాని మీదే మానిటర్, ప్రింటర్, తక్‌పట్టీల (తూకం, ధర రాసిచ్చే చీటీల) పుస్తకాలు, మిర్చి శాంపిళ్లు. కీబోర్డు పెట్టాక మౌస్ జరపడానికి జానెడు జాగా మిగలదు. సీజన్‌లో రాత్రి దాకా పని. కుడి భుజం గుంజుతోంది. మౌస్ బదులు బంతి తిప్పే ట్రాక్‌బాల్ కొనమని ఒకరు, టచ్‌ప్యాడ్ మేలని ఒకరు అంటున్నారు. ఏది కొనాలి?
– ఒక గుమాస్తా, వరంగల్

జవాబు: తమ్ముడూ, డబ్బులు తీసే ముందు మౌస్‌ను కీబోర్డుకు ఎడమ పక్కన పెట్టి చూడు. నవ్వకు. చోటు తినేది మౌస్ కాదు, కీబోర్డు కుడి చివరనున్న అంకెల మీటలు. మామూలు కీబోర్డు దాదాపు 45 సెంటీమీటర్ల పొడవుంటే, అందులో 9, 10 సెంటీమీటర్లు వాటివే. మౌస్ వాటికి అవతల పడుతుంది. రోజంతా చెయ్యి పక్కకు చాపి కూర్చుంటే భుజం గుంజక ఏం చేస్తుంది?

ఇంకొకరైతే అంకెల మీటలు లేని పొట్టి కీబోర్డు కొనుక్కోమనేవాణ్ణి. బస్తాల తూకం, ధర, హమాలీ, దడ్వాయి (తూకం వేసేవాడి) కూలీ అని పొద్దంతా అంకెలే కొట్టే నీకు ఆ మాట చెప్పను. నీకు కుడి చెయ్యి అంకెల మీద, ఎడమ చెయ్యి మౌస్ మీద ఉంటే సరిపోతుంది. మొదట్లో చిరాకు పుడుతుంది, స్క్రీన్ మీది బాణం ఎటో పోతుంది. కొన్నాళ్లు ఓపిక పట్టు. సెట్టింగ్స్‌లో కుడి ఎడమ బటన్లు మాత్రం మార్చకు. సాయంత్రం సేట్ వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటే ఆయనకు టెన్షన్, నీకు తిట్లు. బటన్లు ఉన్నట్టే ఉంచి ఎడమ చేతి మధ్యవేలితో క్లిక్ చెయ్యి.

టేబుల్ మీద అద్దం ఉందా? మన దుకాణాల్లో అద్దం, దాని కింద క్యాలెండర్, ఫోన్ నంబర్ల చీటీలు తప్పవు కదా. మౌస్ కింది సెన్సర్ లైటు వెలుగులో టేబుల్ పైభాగంలోని సన్నటి గరుకును చూసి కదలికను లెక్కగడుతుంది. నున్నటి అద్దం మీద దానికి ఏమీ దొరకదు, అందుకే బాణం గెంతుతుంది. పాత లెడ్జర్ అట్ట ఒకటి కింద వెయ్యి. మౌస్ సెట్టింగ్స్‌లో పాయింటర్ స్పీడ్ కాస్త పెంచితే అరచెయ్యంత జాగాలోనే స్క్రీన్ అంతా తిరగొచ్చు. మరీ పెంచితే ఎక్సెల్‌లో ఒక గడి నొక్కబోయి పక్క గడి నొక్కుతావు.

ఇంత చేసినా కుదరకపోతే ట్రాక్‌బాలే. ఇది కొత్త సరుకేం కాదు. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్‌ను జనానికి చూపించింది 1968లో. అంతకు ముందే, 1952లో, కెనడా నౌకాదళం కోసం చేసిన డాటర్ యంత్రంలో బౌలింగ్ ఆట బంతినే ట్రాక్‌బాల్‌గా వాడారు. పెట్టిన చోట నుంచి అది కదలదు. బంతి తిప్పితే చాలు, అద్దమైనా, బస్తా అయినా దానికి ఒకటే. లాజిటెక్ ఎర్గో ఎం575లో బంతిని బొటనవేలితో తిప్పాలి, కానీ అది కుడి చేతికే పనికొస్తుంది. ఎడమ పక్కన పెట్టుకోవాలంటే రెండు చేతులకూ సరిపోయే కెన్సింగ్టన్ ఆర్బిట్ లాంటిది చూడు. మామూలు మౌస్ వందల్లో వస్తుంది, మంచి ట్రాక్‌బాల్‌కు వేలు కావాలి. కాబట్టి హన్మకొండలో ఎవరి దగ్గరైనా ఉంటే ఒక పూట అడిగి వాడి చూశాకే కొను.

నీ దుకాణానికి సంబంధించిన చిక్కు ఇంకొకటుంది. ట్రాక్‌బాల్ బంతి చిన్న చిన్న పూసల మీద కూర్చుంటుంది. చేతి జిడ్డుకు దుమ్ము తోడై ఆ పూసలకు పట్టుకుంటే బంతి ఆగి ఆగి తిరుగుతుంది. మార్కెట్‌లో మిర్చి దుమ్ము సంగతి నేను చెప్పాలా? సీజన్‌లో బంతిని బయటికి తీసి, పూసలను పొడి గుడ్డతో తరచూ తుడవాలి. తుడిచిన చేత్తో కళ్లు నలుపుకోకు.

టచ్‌ప్యాడ్‌కు ఈ దుమ్ము బాధ తక్కువే. అయినా రోజంతా లెక్కల పనికి దాన్ని నేను ఒప్పుకోను. పట్టి లాగే పనులకు వేళ్లు అలిసిపోతాయి, చెమట చేత్తో బాణం సరిగా నిలవదు.

లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలో అయితే మౌస్ అవసరమే తక్కువ. ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రసీదు, ఎఫ్9 కొనుగోలు, కంట్రోల్-ఎ కొడితే వోచర్ సేవ్ అవుతుంది. మౌస్ వాడే పని సగం అక్కడే తగ్గుతుంది.

ప్రశ్న: మౌస్ ఉన్నట్టుండి పనిచేయకపోతే మధ్యలో పని ఎలా ముగించాలి?
– డీటీపీ ఆపరేటర్, కాజీపేట

జవాబు: విండోస్‌లో ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్ లాక్ మూడూ కలిపి నొక్కి, అడిగినదానికి ఎస్ అనండి. అంకెల మీటల్లో 8, 2, 4, 6 బాణాన్ని కదుపుతాయి, 5 క్లిక్ చేస్తుంది. పని అయ్యాక అవే మూడు మళ్లీ నొక్కండి, లేకపోతే అంకె కొడితే బాణం నడుస్తుంది.